కరెంటు వచ్చినప్పుడు చేయవలసిన పని

పంపు లోపల మెకానిక్కు యల్లమంద చెయ్యి ఉండగా మోటారు దానంతట అదే తిరిగిందన్న మాట ఫోనులో విన్నప్పుడు నీలిమ నమ్మలేదు. సరిగా వినపడలేదేమోనని మళ్ళీ చెప్పమన్నది. అవతలి నుంచి రైతు వెంకట్రామయ్య, ఈసారి కొంచెం నెమ్మదిగా, అదే చెప్పాడు. ఉదయం నుంచి కరెంటు లేదు. పంపు లోపలి చక్రానికి తుంగ చుట్టుకుంటే యల్లమంద మూత విప్పి చెయ్యి పెట్టాడు. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. ఎవరూ బటను నొక్కలేదు. మోటారు తిరిగింది. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకువస్తున్నారు.

నీలిమ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాననే అనుకున్నది. నేల మీద పగిలిన చప్పుడు విని, దుకాణం యజమాని జమీర్ లోపలి గది నుంచి వచ్చాడు. సంగతి విని, ఎవరూ నొక్కకుండా మోటారు ఎట్లా తిరుగుతుందని అడిగాడు. ఆ మోటారుకు బిగించిన పెట్టెలో నడిచే ప్రోగ్రాము ఆమె రాసినది. వెంకట్రామయ్య పెట్టెకు ఒకే ఒక్క పని అప్పగించి ఉన్నదని ఆమెకు కచ్చితంగా తెలుసు: కరెంటు రాగానే ఆయన ఫోను మోగించడం. అంతకు మించి ఆ పెట్టె ఏమీ చేయకూడదు.

నీలిమ నాకు ఎనిమిదవ తరగతిలో శిష్యురాలు. శావల్యాపురం రైతు గోపాలకృష్ణయ్య కూతురు. వ్యాసం రాసి ఇచ్చేముందు ప్రతి వాక్యాన్నీ మళ్ళీ చదువుకుని, ఏ పదం తీసివేసినా అర్థం చెడదో ఆ పదాన్ని కొట్టివేసేది. ఆ వయసు పిల్లలలో అటువంటి అలవాటు నేను ఇంకొకరిలో చూడలేదు. నరసరావుపేటలోనే ఇంజనీరింగు చదివింది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఉద్యోగం ఇచ్చి, చేరే తేదీని మూడుసార్లు వాయిదా వేసింది. ఖాళీగా ఎందుకుండాలని, తండ్రి మోటారు వైండింగుకు ఇచ్చే జమీర్ దుకాణంలో రసీదులు టైపు చేయడానికి కుదురుకున్నది. నాలుగవ ఉత్తరం నిజంగానే రమ్మని వచ్చే సమయానికి ఆమెకు అక్కడ వేరే పని దొరికింది.

మా ప్రాంతంలో పొలాలకు కరెంటు వంతులవారీగా, కొన్ని గంటలే వస్తుంది. ఎప్పుడు వస్తుందోనని రైతు పంపు దగ్గర కూర్చుని ఎదురుచూడలేడు. అందుకోసమే సిమ్ కార్డూ, కరెంటు లేనప్పుడు కూడా కబురు అందుకునేందుకు చిన్న బ్యాటరీ పెట్టిన స్టార్టరు పెట్టెలు వచ్చాయి. జమీర్ ఎక్కడి నుంచో తెప్పించి అమ్మిన పెట్టెలు మాటిమాటికీ మొరాయించేవి. వాటికి ప్రోగ్రాము తానే రాస్తానని ఒకనాడు నీలిమ అన్నది. రసీదులు టైపు చేసే పిల్ల అంత మాట అన్నందుకు జమీర్ నవ్వాడు గాని, పాత పెట్టె ఒకటి ఆమె బల్ల మీద పెట్టాడు.

ఆమె రాసిన మొదటి ప్రోగ్రాములో రైతుల కోరికలన్నీ కలగలిసి ఉండేవి. ఇది వెంకట్రామయ్య పెట్టె అయితే ఫోను మోగించాలి. అది మరొకరిదైతే ముందు మోటారు తిప్పి తరువాత ఫోను చేయాలి. ఇంకొకరిదైతే నలభై నిమిషాలు తిప్పి ఆపివేయాలి. కొత్త రైతు కొత్త కోరికతో వచ్చినప్పుడల్లా ప్రోగ్రామునంతా విప్పి, మధ్యలో మరొక 'అయితే' చేర్చవలసి వచ్చేది. ఒకసారి మాచర్ల వైపు రైతు కోసం చేర్చిన మూడు పంక్తుల మూలంగా, ఆయనతో ఏ సంబంధమూ లేని పదిహేడుమంది ఫోనులు గంటగంటకూ ఊరికే మోగాయి. మరునాడు ఆమె పద్నాలుగు వందల పంక్తులు తుడిచివేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. రాసినదాన్ని కొట్టివేయడం నేర్పినదాన్ని నేనే అయినా, అంత రాతను ఒక్క పూటలో ఎవరైనా ఎట్లా కొట్టివేస్తారో నాకు అర్థం కాలేదు.

కొత్తగా రాసినదాని పద్ధతి వేరు. కాలువ మీద లస్కరు ఉంటాడు. నీళ్ళు వదలడం అతని పని. నీళ్ళు వదలగానే ఎవరికి కబురు చేయాలో రైతులు చీటీలు ఇచ్చి వెళతారు. కబురు అందుకున్న మనిషి నారుమడి తడుపుకుంటాడా, మిరపతోటకు మళ్ళించుకుంటాడా అన్నది లస్కరుకు అనవసరం. నీలిమ ప్రోగ్రాము కూడా అటువంటిదే. అది కరెంటు కోసం కనిపెట్టుకుని ఉంటుంది. కరెంటు రాగానే, తనకు ముందుగా అప్పగించిన పని ఏదైతే అది జరిపిస్తుంది. ఆ పని ఏమిటన్నది ప్రోగ్రాములో రాసి ఉండదు. బయటి నుంచి ఇస్తారు, కావలసినప్పుడు మార్చుకుంటారు. కంప్యూటరు వారు దీన్ని కాల్‌బ్యాక్ ఫంక్షన్ అంటారు. దుకాణంలో మాత్రం దాన్ని చీటీ అనే అన్నారు. ఆ పేరు పెట్టినవాడు యల్లమంద.

యల్లమంద జమీర్ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా మెకానిక్కు. ఏడవ తరగతితో చదువు ఆపినవాడు. తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించి, లోపల బేరింగు ఇంకెన్ని నెలలు ఆగుతుందో చెప్పగలడు. పెట్టెలను పొలాలకు తీసుకుపోయి బిగించేది అతడే. నీలిమ చీటీల పద్ధతి వివరించినప్పుడు, అరగంట సేపు విని, తన మాటలలో ఒప్పజెప్పాడట.

"అంటే నీ పోగ్రాము ఏందీ అడగదు. ఎవరు ఏ చీటీ ఇస్తే అది చేసిద్ది."

"అంతే బాబాయ్. అందుకే ఇంక దాన్ని ఎప్పుడూ విప్పే పని లేదు."

నిజంగానే విప్పే పని లేకపోయింది. ఏడాదిలో అరవై మూడు పెట్టెలు పొలాలకు ఎక్కాయి. ఒకే మోటారును ఇద్దరు అన్నదమ్ములు వాడుకునే చోట ఇద్దరూ చెరొక చీటీ ఇస్తామన్నారు. ఒక పెట్టెలో ఎన్ని చీటీలైనా ఉండేటట్టు ఆమె మార్చింది. రెండు చీటీలుంటే ఎవరి మాట వింటుందని జమీర్ అడిగితే, ఇద్దరి మాటా వింటుందని గర్వంగా చెప్పింది. చీటీ ఇవ్వడానికి, పెట్టె వెనుక అంటించిన నాలుగంకెల సంఖ్యను చేర్చి ఫోను నుంచి ఒక మెసేజి పంపితే చాలు.

చీటీ తీసివేయడం మాత్రం అంత తేలిక కాదు. దానికొక కారణం ఉంది. ఊరిలో రెండు పార్టీలు. ఒక పార్టీ పెద్దమనిషి దుకాణానికి వచ్చి, ఎదుటి పార్టీవారి మోటారు వారం రోజులు తిరగకుండా చూడమని జమీర్‌ను అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని, అడిగి వెళ్ళిన తరువాత జమీర్ గుమ్మం దాకా వెళ్ళి, అతడు పోయాడో లేదో తొంగిచూడడం నీలిమ గమనించింది. ఆ సాయంత్రమే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది: ఏ ఫోను నుంచి చీటీ వచ్చిందో ఆ ఫోను నుంచి తప్ప ఇంకెవరూ దాన్ని తీసివేయలేరు. ఎదుటివారే కాదు, దుకాణం వారు కూడా తీయలేరు. ఆ తరువాత ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చినప్పుడు, మా చేతిలో లేదని జమీర్ నిజాయితీగా చెప్పగలిగాడు. ప్రోగ్రాములో ఆమెకు అన్నిటికంటె ఇష్టమైన భాగం అదే.

ఇక ఆ రోజు సంగతి. లైను బాగుచేసే పని ఉన్నందున రెండు గంటల దాకా కరెంటు రాదని ముందుగానే తెలియజేశారు. పని అనుకున్నదానికంటె తొందరగా అయినచోట తొందరగానే ఇచ్చారు. రొంపిచర్ల దగ్గర ఉన్న వెంకట్రామయ్య పొలానికి పదకొండు కాకముందే వచ్చింది.

పెట్టె ఏ చీటీ తీసుకున్నదో, ఎప్పుడు ఏ పని జరిపించిందో దుకాణంలోని కంప్యూటరుకు పంపుతుంది. గాజుపెంకులు అట్లాగే వదిలి నీలిమ ఆ పట్టిక తెరిచింది. పది గంటల యాభై రెండు నిమిషాలకు పెట్టె రెండు పనులు జరిపించింది. ఒకటి, ఫోను మోగించడం. రెండవది, మోటారు తిప్పడం.

రెండవ చీటీ అక్కడ ఉండకూడదు. అది ఎవరిదని చూసింది. చీటీ పక్కన ఇచ్చినవారి ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరు ఆమె రోజుకు పదిసార్లు కలిపేది. అది యల్లమందది. తన వేళ్ళు తీసిన ఆజ్ఞ తానే ఇచ్చి ఉన్నాడు.

ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని, కొంతసేపు ఆ పది అంకెలనూ ఒక్కొక్కటిగా చదివింది. తరువాత తారీకు చూసింది. నాలుగు నెలల కిందటి శుక్రవారం. పెట్టె బిగించిన రోజు. ఆ నాడు వెంకట్రామయ్య భార్య మోటారుకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టిందనీ, ఎవరూ ముట్టుకోకుండా మోటారు తిరగడం ఆమెకు చూపించాననీ యల్లమంద వచ్చి చెప్పాడు. చూపించడానికి తన ఫోను నుంచి 'తిప్పు' అన్న చీటీ ఇచ్చాడు. కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు, అన్నానికి పిలిచారు. చీటీ తీయడం మరిచిపోయాడు.

అయితే ఈ నాలుగు నెలలూ కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ మోటారు దానంతట అదే తిరిగి ఉండాలి. అది ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఆమె వెంకట్రామయ్యకు ఫోను చేసింది. ఆయన ఆటోలోనే ఉన్నాడు.

"పెదనాన్నా, మీ మోటారు ఇంతకుముందు ఎప్పుడైనా ఎవరూ నొక్కకుండా తిరిగిందా?"

"అది మొదట్నించీ అట్టాగే తిరిగిద్ది గదమ్మా," అన్నాడాయన. "ఫోను మోగేలోపలే నీళ్ళు పడతయ్. నువ్వే అట్టా పెట్టావనుకున్నాం. మంచి పెట్టెని నలుగురికీ చెప్పా కూడా."

యల్లమంద పంపులో చెయ్యి పెడుతుంటే పక్కనే నిలబడి మరి ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. బిగించినవాడికి తెలియదా అనుకున్నాడట.

యల్లమందకు తెలియదు. ఆ పెట్టె ఫోను మాత్రమే మోగిస్తుందని నమ్మే అతడు చెయ్యి పెట్టాడు. ట్రాన్సుఫార్మరు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. కరెంటు లేని వేళ పంపు విప్పేవారెవరూ అంత దూరం నడిచి ఫ్యూజులు పీకిరారు. కరెంటు లేకపోవడమే వారికి భరోసా. ఒకవేళ వచ్చినా బటను నొక్కేదాకా ఏమీ కాదన్న లెక్క, ఆ పెట్టెలు రాకముందు నుంచీ ఉన్నది.

అప్పుడు ఆమెకు రెండవ ఆలోచన వచ్చింది. యల్లమంద అరవై మూడు పెట్టెలు బిగించాడు. ప్రతి చోటా తిప్పి చూపించే ఉంటాడు. పట్టికలో అతని నంబరు వెతికింది. ఇంకా పదమూడు పెట్టెలలో అతని చీటీ అట్లాగే ఉన్నది. ఆ పదమూడింటిలో తొమ్మిదవ పేరు గోపాలకృష్ణయ్య, శావల్యాపురం. ఆమె తండ్రి.

జమీర్‌కు పట్టిక చూపించింది. ఆ పదమూడు చోట్లా ఇంకా కరెంటు రాలేదు. రైతులంతా ఈ ఖాళీలో పంపులు శుభ్రం చేసుకుంటూ ఉంటారు. తీసెయ్యమ్మా, చూస్తావేమని జమీర్ తొందరపడ్డాడు. తీయలేనని నీలిమ చెప్పింది. ఎవరూ తీయలేకుండా కట్టుబాటు పెట్టినది తానే. యల్లమంద ఫోను కావాలి. జమీర్ ఆమె వంక చూసిన చూపులో కోపం లేదు. ఏమీ అర్థం కాని చూపు అది. తరువాత అతడు ఫోను తీసుకుని పదమూడు మంది రైతులకూ ఒకరి తరువాత ఒకరికి కలపడం మొదలుపెట్టాడు. ఆమె ఆ పేర్లు, పెట్టెల సిమ్ నంబర్లు ఒక కాగితం మీద దింపుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. దారిలో తండ్రికి నాలుగుసార్లు ఫోను చేసింది. మోగింది గాని తీయలేదు. పొద్దున్నే వాగు దగ్గరకు వెళ్ళాడని తల్లి చెప్పింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద యల్లమంద భార్య గురవమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో అతని చొక్కా, రక్తపు మరకలతో. చొక్కా జేబులో ఫోను. నీలిమ ఆమె ముందు నిలబడి, పిన్నీ, బాబాయ్ ఫోను ఒక్కసారి కావాలన్నది. గురవమ్మ చొక్కాను ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నది.

"ఏమే, నీ పెట్టె ఆయన చెయ్యి తిన్నది చాలక, సాక్ష్యం చెరిపేదానికి వచ్చినవా?"

ఆ మాటకు వరండాలో ఉన్నవారంతా తిరిగి చూశారు. వెంకట్రామయ్య తల వంచుకున్నాడు. నీలిమ ఏడవలేదు, ఏడవడానికి వ్యవధి లేదని తరువాత నాతో అన్నది. ఇంకా పదమూడు మోటార్లకు అటువంటి చీటీలే ఉన్నాయనీ, వాటిని ఆపడానికి ఆ ఒక్క ఫోనే దారి అనీ చెప్పింది. ఎవరి చీటీలవని గురవమ్మ నిలదీసింది. నీలిమ చెప్పవలసి వచ్చింది.

"బాబాయ్‌వి, పిన్నీ. బిగించినప్పుడు చూపించటానికి పెట్టి, తియ్యటం మరిచిపోయాడు."

గురవమ్మ లేచి నిలబడింది. కొడుతుందనే నీలిమ అనుకున్నది. ఆమె కొట్టలేదు. చొక్కాతో సహా లోపలికి నడిచింది. నీలిమ వెనుకనే వెళ్ళింది.

యల్లమంద మంచం మీద ఉన్నాడు. ఆపరేషను గదికి ఇంకా తీసుకుపోలేదు. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. ఇంజెక్షను మత్తులో కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు గాని, మెలకువగానే ఉన్నాడు. ఈ పిల్ల ఏమంటున్నదో విను అని గురవమ్మ అన్నది. నీలిమ ఉన్నదున్నట్టు చెప్పింది. నాలుగు నెలల కిందటి శుక్రవారం, కొబ్బరికాయ, అన్నానికి పిలవడం, రెండవ చీటీ. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు. చెబుతున్నంతసేపూ అతడు కప్పు వంక చూస్తూనే ఉన్నాడు. ఆ ముఖంలో నొప్పి కంటె ఎక్కువగా కనిపించినది నివ్వెరపాటే.

"నేనేనా," అన్నాడు చివరికి. తరువాత ఆమె వైపు తల తిప్పాడు. "అమ్మాయ్, ఒక మాట అడుగుతా. తీసెయ్యటానికి అన్ని కట్టుబాట్లు పెట్టినవు గదా. ఆ చీటీ నేను ఇచ్చేటప్పుడు, ఈ మోటారుకి నువ్వేమవుతావురా అని నీ పెట్టె నన్నెందుకు అడగలా?"

నీలిమ, చెడ్డ మనిషి వచ్చి ఇతరుల చీటీ తీసివేస్తాడేమోనని రోజుల తరబడి ఆలోచించింది. మంచి మనిషి వచ్చి, చీటీ ఒకటి పెట్టి, అన్నం తిని వెళ్ళిపోతాడని ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. ప్రోగ్రాము ఏదీ అడగదన్నదే దాని గొప్పగా ఇన్నాళ్ళూ చెప్పుకున్నది. తప్పు నాదే బాబాయ్ అన్నది. అతడు ఫోను ఇమ్మని గురవమ్మకు ఎడమచేత్తో సైగ చేశాడు.

అది బటన్ల ఫోను. మంచం అంచున కూర్చుని నీలిమ మెసేజిలు కొట్టడం మొదలుపెట్టింది. అంతలో జమీర్ ఫోను చేశాడు. పదమూడు మందిలో ఆరుగురు దొరికారట. మెయిన్ స్విచ్ దించమని చెప్పాడట. ఆరుగురికీ తమ మోటార్లు తమంతట తామే తిరుగుతాయని తెలుసట. ఒకాయన దించనని వాదించాడట కూడా. ఉన్న సుఖం ఎందుకు పోగొట్టుకోవాలన్నాడట. మిగిలిన ఏడుగురు దొరకలేదు.

దొరకని ఏడు పేర్లకు కాగితం మీద నీలిమ గుర్తు పెట్టింది. ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో ఫోను పట్టుకుని తడబడుతుంటే, గురవమ్మ కాగితాన్ని లాక్కుని తాను చదవసాగింది. అయిదవ తరగతి చదువు. ఒక్కొక్క అంకెనూ నొక్కి పలికింది. మొదటి నంబరుకు మెసేజి పోయింది. అర నిమిషానికి జవాబు వచ్చింది: చీటీ తీసివేయబడినది. ఆ మాట నీలిమ రాసిపెట్టినదే. అయినా దాన్ని అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. రెండవది. అదీ తీసివేయబడినది. మూడవ పేరు దగ్గర గురవమ్మ చదవడం ఆపింది.

"ఇదేంది, కింద శావల్యాపురం గోపాలకృష్ణయ్య అనుంది. మీ నాయనేనా?"

నీలిమ తల ఊపింది.

"మరి వరసలో వచ్చేదాకా ఆగావేందే? ముందు ఆయనకి కొట్టు," అని గురవమ్మ ఆ నంబరే చదివింది.

మెసేజి పోయింది. జవాబు రాలేదు. వాగు దగ్గర సిగ్నలు సరిగా ఉండదు. అందాక మూడవదానికి కొట్టింది, జవాబు వచ్చింది. నాలుగవదానికీ వచ్చింది. తండ్రి పెట్టె నుంచి మాత్రం ఏమీ రాలేదు. మళ్ళీ పంపింది. యల్లమంద కళ్ళు మూసుకునే, ఆ పెట్టె ఏ స్తంభానికి కట్టాడో, ఏరియల్ ఏ దిక్కుకు ఉందో గొణిగాడు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది, కొడుతూనే ఉండమన్నాడు. అయిదవదీ, ఆరవదీ తీసివేయబడినవి. గోడ మీద గడియారం పన్నెండుంబావు దాటింది. ఆపరేషనుకు తీసుకుపోవడానికి ఇద్దరు మనుషులు బండి తోసుకుంటూ వచ్చారు. రెండు నిమిషాలు ఆగండని యల్లమంద వారితో అన్నాడు. ఆగడానికి వీల్లేదన్నారు వాళ్ళు. మంచం మీది నుంచి బండి మీదికి మారుస్తుండగా, నీలిమ చేతిలో ఫోను బీప్ మన్నది.

చీటీ తీసివేయబడినది. సమయం పన్నెండు ఇరవై ఒకటి.

ఆమె ఆ మాట పైకి చదివింది. బండి తలుపు దాటే లోపల యల్లమంద విన్నాడో లేదో తెలియదు. దొరికిన ఆరుగురి చీటీలు కూడా తీయవలసి ఉందని గుర్తు చేసుకుని, నీలిమా గురవమ్మా మళ్ళీ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. వాటిలో రెండు అయ్యేసరికి నీలిమ ఫోను మోగింది. తండ్రి.

"ఏందమ్మా ఇది," అన్నాడు గోపాలకృష్ణయ్య, విసుగ్గా. "కరెంటు వచ్చింది, ఫోను మోగింది, మోటారు ఎక్కలా. రోజూ దానంతటదే ఎక్కేది. నీ పెట్టె చెడిపోయినట్టుంది."

"ఎప్పుడు వచ్చింది నాన్నా?"

"ఇప్పుడే, అయిదు నిమిషాలు. రెండింటిదాకా రాదంటే పంపు ఇప్పా. లోపలంతా నాచు. చెయ్యి పెట్టి లాగుతా ఉంటే ఒడ్డు మీద చొక్కాలో ఫోను మోగింది. ఇంకా సగం ఉంది. అది లాగేసి, బటను నేనే నొక్కుతాలే. నువ్వు ఆదివారం వచ్చి పెట్టె సంగతి చూడు."

నీలిమ గోడ గడియారం వంక చూసింది. పన్నెండు ముప్ఫై ఒకటి. తండ్రి రెండుసార్లు హలో అన్నాడు. అంతా వింటున్న గురవమ్మ, ఆమె చేతిలో నుంచి ఫోను తీసుకున్నది.

"అన్నయ్యా, నేను యల్లమంద భార్యని. ముందు నువ్వు ఆ పంపు కాడి నుంచి అవతలికి రా. వచ్చినవా? ఒడ్డు మీద కూచో. మెయిన్ దించేదాకా మళ్ళీ దాని మీద చెయ్యి వెయ్యబాక. ఎందుకో చెప్తా, విను."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వేళ్ళ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు మారలేదు. నీలిమ పక్కన కూర్చుని, ఒళ్ళోని బటన్ల ఫోనులో మిగిలిన నాలుగు నంబర్లకూ మెసేజిలు కొట్టింది.

ఇప్పుడు ఆ పెట్టెకు ఎవరైనా చీటీ ఇస్తే, అది ముందు పొలం యజమానికి ఫోను చేసి, ఈ పని చేయమంటారా అని అడుగుతుంది. బిగించేవారు ఇచ్చే చీటీ గంటలో దానంతట అదే పోతుంది. మోటారు తిప్పే చీటీ ఏదైనా సరే, పంపు దగ్గర ఎవరూ లేరని మనిషి చెప్పిన తరువాతే తిప్పుతుంది. ఇన్ని ప్రశ్నలు వేసే పెట్టె మాకెందుకని పదకొండుమంది రైతులు తిరిగి ఇచ్చివేశారు. వారిలో వెంకట్రామయ్య ఒకరు. ఆయన బజారులో వేరొక పెట్టె కొనుక్కున్నాడు. అది ఏమీ అడగదట. ఆ సంగతి చెప్పేటప్పుడు నీలిమ నా వైపు చూడలేదు. ఆయన పంపు దగ్గరకు తానే వెళ్ళి, దాని మీద 'మూత విప్పే ముందు ఫ్యూజులు పీకాలి' అని తెల్ల రంగుతో రాసి వచ్చిందట. రాయనిచ్చారా అని అడిగాను. రాయనిచ్చారట గాని, ఆ అక్షరాల మీదే గోనెసంచి ఆరేస్తున్నారట.

యల్లమంద రెండు నెలలకు పనిలోకి వచ్చాడు. స్పానరు ఎడమచేత్తో పట్టడం నేర్చుకుంటున్నాడు. ఎక్కడ పెట్టె బిగించినా, బండి ఎక్కేముందు దుకాణానికి ఫోను చేసి, తన చీటీ పోయిందో లేదో చూడమంటాడు. గంటలో దానంతట అదే పోతుందని ఆమె ఎన్నిసార్లు చెప్పినా వినడు. నీలిమ పట్టిక తెరిచి, చూసి, పోయింది బాబాయ్ అని చెప్పేదాకా ఆ పొలం గట్టు మీద నిలబడే ఉంటాడు.